ఏడో మజిలీ

"మళ్ళీ ఒక్క స్టారే!" అంటూ పై అధికారి తన ఫోను ఆమె ముందు పెట్టాడు.

ఎవరో రాశారు: "ఏడో మజిలీ దగ్గర ఒక ముసలాయన అడ్డం నిలబడి పోనివ్వలేదు. కమాను చూడకుండానే వెనక్కి వచ్చేశాం."

"ఈ నెలలో ఇది ఆరోది. జనం వచ్చేదే ఆ కమాను కోసం. ముందు ఆయన సంగతి తేల్చండి. లేకపోతే మీ సంగతి నేను తేల్చలేను."



పాతపేట నడక ఆమె కన్నబిడ్డతో సమానం. గైడు ఉండడు. చేతిలో మ్యాపు పట్టుకుని, గోడల మీది అంకెలు చూసుకుంటూ ఎవరికి వారు నడవడమే. మొత్తం పన్నెండు మజిలీలు. కాళ్ళరిగేలా సందు సందూ తిరిగి ఆ మ్యాపు గీసింది ఆమే. అందుకే పర్యాటక శాఖ ఆఫీసులో అందరూ 'మ్యాపమ్మ' అంటారు. అక్కడికి వచ్చిన ఉత్తరాలకు ముద్రలు వేస్తూ నాలుగేళ్ళుగా తాత్కాలిక ఉద్యోగం. ఈ నడకకు మంచి పేరొస్తే పర్మినెంటు చేస్తామని ఊరిస్తున్నారు.

మ్యాపు పట్టుకుని మామూలు మనిషిలా బయల్దేరింది.

ఏడో మజిలీ సన్నటి సందు. రెండు పాత మేడలను కలుపుతూ పైన రాతి కమాను, దాని నిండా చెక్కిన లతలు, పిట్టలు. కింద ముసలాయన. ఇస్త్రీ చొక్కా, చంకలో గుడ్డసంచి. కమాను గోడకు ఒక బీట. ఆ బీటకు అడ్డంగా, సిమెంటు ముద్దలతో అతికించిన గాజుపలకలు.

ఫోటోల్లో పడే గోడకు ఈ అతుకులేమిటని మ్యాపమ్మకు ఒళ్ళు మండింది.

"ఇవాళ ఇటు వద్దమ్మా. వెనక సందులోంచి పోండి."

"ఎందుకు?"

"గాజు పగిలింది."

"పగిలితే?"

"గోడ కదిలితేనే ఆ గాజు పగులుతుంది తల్లీ. రోజూ పొద్దున్నే వచ్చి చూస్తా. పలక బాగుంటే జనాన్ని వదులుతా. పగిలితే ఆపుతా. కొత్తది అతికించి, నాలుగు రోజులు చూసి మళ్ళీ వదులుతా."

"వెనక సందులో టీకొట్టుంది. మీ అల్లుడిదా?"

"నాకు అల్లుడు లేడమ్మా."

"మరి మీకెందుకండీ ఈ పెత్తనం? ఇంజినీర్లు చూసి బాగుందన్నాకే ఈ నడక పెట్టాం."

"చూడలేదమ్మా."

"పక్కనుండి చూసినట్టే చెబుతున్నారే!"

ముసలాయన తల దించుకున్నాడు. ఏదో చెప్పబోయాడు. ఇంతలో మ్యాపులతో నలుగురు వచ్చారు. చెప్పేది వదిలేసి, చేతులు చాపి వాళ్ళకు అడ్డం వెళ్ళాడు.

నలుగురూ విసుక్కుంటూ వెనక్కి తిరిగారు. వాళ్ళతో పాటు తన ఉద్యోగం కూడా వెళ్ళిపోతున్నట్టు అనిపించింది మ్యాపమ్మకు.

ఆ సాయంత్రమే పోలీసు స్టేషనుకెళ్ళి, పాత కట్టడాన్ని పాడు చేస్తున్నాడని ఫిర్యాదు రాసింది. కానిస్టేబులు కనుక్కొచ్చిన పేరు తన చేత్తోనే రాసింది. ముసలాయన్ని పిలిపించి, ఇక ఆ సందులో అడుగు పెట్టనని కాగితం రాయించుకున్నారు. మర్నాడు ఆమె దగ్గరుండి గాజుపలకలన్నీ గీకించి, గోడ కడిగించింది.

నెల తిరక్కుండా స్టార్లు నాలుగున్నరకు ఎక్కాయి. పై అధికారి మొదటిసారి "కూర్చోండి" అన్నాడు.

సంబరం పట్టలేక తమ్ముడికి ఫోన్ చేసింది.

"ఆదివారం నువ్వూ మరదలూ వచ్చి నా నడక నడవండిరా. నాలుగు మంచి మాటలు రాయండి. ఏడో మజిలీ సందు బయట ఒక ముసలాయన ఇంకా ఆపితే ఆపుతాడు, పట్టించుకోకండి. కొంచెం తిక్క మనిషి."

ఆదివారం పదకొండు గంటలకు కమాను కూలింది.

తమ్ముడి కుడికాలు మోకాలి కింద తీసేశారు. ఆసుపత్రిలో మరదలు ఆమె ముఖం చూడలేదు.

"సందు మొదట్లో నా చెయ్యి పట్టుకున్నాడక్కా," అన్నాడు తమ్ముడు కళ్ళు తెరిచి. "పోవద్దు, పోవద్దని ఒకటే అరుపులు. విదిలించుకున్నా. అక్కడే నిలబడి అరిచాడు కానీ, లోపలికి మాత్రం మా వెంట రాలేదు."

రాకుండా కాగితం రాయించింది తనే.

మర్నాడు పై అధికారి ఫోను. "విచారణ వేశారు. కమాను బాగుందని ఇంజినీరు ఇచ్చిన పత్రం పాత ఫైల్లో ఉంటుంది, వెతికి తీసుకురండి. అది దొరికితే మనం గట్టెక్కినట్టే. తప్పంతా సంతకం పెట్టినవాడిది."

దుమ్ము దులిపి ఫైలు తెరిచింది. పదేళ్ళ కిందటి కాగితం. 'కమానును పైకెక్కి పరిశీలించాను. ఏ ప్రమాదమూ లేదు.' కింద ఇంజినీరు సంతకం, పేరు.

ఫిర్యాదులో ఆమె రాసిన పేరే.

ముసలాయనే! ఒక్క క్షణం ఆమె గుండె తేలికపడింది. తప్పు తనది కాదు, ఆయనది. సిగ్గు లేకుండా ఊపిరి పీల్చుకుని కాగితం తిప్పింది.

దాని వెనక అదే దస్తూరీతో ఏడాదికొకటి చొప్పున తొమ్మిది ఉత్తరాలు. చివరి నాలుగింటి మీదా 'అందినది' అన్న ముద్ర, పక్కన ఆమె పొట్టి సంతకం. అప్పట్లో ఒక్కటీ చదవలేదు.

ఆఖరి ఉత్తరం ఇప్పుడు చదివింది.

'అయ్యా, ఆ రోజు నేను నిచ్చెన ఎక్కలేదు, కింద నుంచే చూసి సంతకం పెట్టాను, దయచేసి దాన్ని రద్దు చేయండి. మీరు రద్దు చేసేదాకా రోజూ నేనే వెళ్ళి ఆ కమాను కింద నిలబడతాను.'