ఉడుత పిల్ల ఉమ్మిన క్యారెట్

మా పెరట్లో పిసరుగాడని ఓ ఉడుత పిల్ల ఉండేవాడు. టీలో నానిన బిస్కెట్టు తప్ప మరొకటి నోట పెట్టేవాడు కాదు. గట్టివి కొరక్కపోతే ఉడుతలకు పళ్లు అరగవు, పెరుగుతూనే ఉంటాయి. వీడి పళ్లు గడ్డం దాటి, బొడ్డు దాటి, నేలను దున్నడం మొదలుపెట్టాయి. ఆ చాళ్లలో మేం రెండు పంటల గోంగూర తీశాం.

చివరికి పళ్లు అడ్డం పడి, తొర్రలోకి దూరలేక కొమ్మ మీదే ఉండిపోయాడు. కింద పిల్లి తిరుగుతోంది.

"దానికి పని తప్పింది. నిన్ను నీ పళ్లకే గుచ్చుకుని తింటుంది" అని పై కొమ్మ మీది కాకి పకపకా నవ్వింది.

వాళ్లమ్మ మా వంటింట్లోంచి క్యారెట్ ఎత్తుకొచ్చింది. "మా నాయనవి కదూ, ఒక్క ముక్క తినరా."

"యాక్. అది కట్టె."

నాయనమ్మ ఉడుత కోడల్ని పక్కకు నెట్టింది. "వాణ్ణి తినమన్నదెవరే? ఒరే, కొరికి ఆ కాకి మీద ఉమ్ము."

"నిజంగా ఉమ్మొచ్చా, నాయనమ్మా?"

"గురి తప్పితే మాత్రం ఊరుకోను."

పిసరుగాడు కొరికాడు, ఉమ్మాడు. ఒక ముక్క కాకి తోకకు తగిలింది, ఇంకోటి సరిగ్గా నెత్తిన పడింది. కొరికినకొద్దీ పళ్లు అరిగాయి, కింద క్యారెట్ కుప్ప పిల్లిని మీసాలదాకా పూడ్చేసింది.

"ఇదేం పెంపకమే ముసలీ" అంటూ కాకి రెక్కలు అడ్డం పెట్టుకుంది. ఈసారి ఏమీ వచ్చి పడలేదు.

"ఉమ్మవేంరా?" అంది నాయనమ్మ.

పిసరుగాడు బుగ్గ నిండా నములుతున్నాడు. "ఆగవే, తియ్యగా ఉంది. దాని మొహానికి ఇదెందుకు?"