కడ్డీ మీద చెయ్యి

"కట్! కట్! మళ్ళీ వచ్చేసింది!"

కెమెరా వెనక కళ్ళజోడు పిల్ల నెత్తి బాదుకుంది.

మూడో అంతస్తు మెట్ల మలుపులో, ఇనుప కడ్డీల వరస పట్టుకుని నిలబడి ఉంది ఊడ్చే మనిషి. చంకలో చీపురు, చేతిలో తడిగుడ్డ.

అమ్మకి ఒళ్ళు మండిపోయింది.

కూతురి కాలేజీలో గ్రూపు ప్రాజెక్టు. థ్రిల్లర్ సినిమా మొదలయ్యే రెండు నిమిషాలు తీసి చూపించాలి. ముగ్గురు పిల్లలకీ కలిపి ఒకటే మార్కు. కూతురు కింద నుంచి పరిగెత్తుకొచ్చి, వెంటపడి వస్తున్న నల్లకోటు పొడుగబ్బాయిని చూస్తూ వెనక్కి వెనక్కి నడిచి, ఆ కడ్డీకి వీపు కొట్టుకుని ఆగాలి. అంతే. సెలవురోజు కదా అని ఆ పాత ఆఫీసు భవనం మేనేజరు పన్నెండింటిదాకా ఒప్పుకున్నాడు.

అమ్మ ఎందుకొచ్చిందంటే, ఇంట్లో ఉండలేక. అట్టకత్తి కంట్లో గుచ్చుకుంటుందేమో. ఎర్రరంగుకి ఒళ్ళంతా దద్దుర్లు లేస్తాయేమో. పరిగెత్తితే కాలు మడతపడుతుందేమో. సంచీలో దూది, కట్టుగుడ్డ, మూడు రకాల మాత్రలు.

"ఏమ్మా, ఇది నాలుగోసారి! కనపడట్లేదా, పిల్లలు పని చేసుకుంటున్నారు?"

"అది కాదమ్మగారూ, ఈ కడ్డీ..."

"తర్వాత తుడుద్దువుగాని! ఇన్నాళ్ళూ పట్టిన దుమ్ము ఇవాళే గుర్తొచ్చిందా?"

"తుడవడానిక్కాదు. పాప ఇటు..."

"సైలెన్స్! రోలింగ్!" అని అరిచింది కళ్ళజోడు పిల్ల.

ఆ మాట వినపడితే గట్టిగా ఊపిరి కూడా పీల్చకూడదు. మైకు ఆ కడ్డీకే కట్టారు మరి, ఆయాసం బాగా వినపడాలని. అమ్మ పెదవుల మీద వేలు పెట్టుకుని, కళ్ళతోనే ఆవిణ్ణి కాల్చేసింది.

ఆవిడ నోరు మూసుకుంది. కడ్డీ మాత్రం వదల్లేదు.

ఐదో టేకూ పోయింది.

"ఆవిడకి సినిమాలో పడాలని కోరికేమో ఆంటీ," పొడుగబ్బాయి నవ్వాడు. "ఓ వేషం ఇచ్చేద్దామా?"

"పొద్దున్నుంచీ వేస్తూనే ఉందిగా బాబూ, ఇంకోటెందుకు?"

"పది నిమిషాలే ఉంది అమ్మా." కూతురు ఫోన్‌లో టైము చూసుకుంది. "ఇది కూడా పోతే ముగ్గురికీ సున్నాయే."

అమ్మ ఇక ఆగలేదు. నాలుగు మెట్లు దిగి ఆవిడ మీదికే వెళ్ళింది.

"జరుగు! ఆ స్తంభం వెనక్కి పో. నీ నీడ కూడా పడకూడదు. నీకు పిల్లల్లేరా? పిల్లల కష్టమంటే తెలీదా నీకు?"

ఆవిడ ఏదో అనబోయింది. కూతురి మొహం వంక ఒకసారి చూసి, స్తంభం వెనక ముడుచుకుని కూర్చుంది.

ఆరో టేకు.

కూతురు పరిగెత్తుకొచ్చింది. వెనక్కి నడిచింది. దభీమని కడ్డీకి కొట్టుకుంది.

"ఓకే!"

అందరూ చప్పట్లు కొట్టారు. కళ్ళజోడు పిల్ల తెర మీద చూసుకుని నీరసంగా అంది. "ఆంటీ, ఆవిడ చెయ్యి పడింది."

స్తంభం చాటు నుంచి ఒక చెయ్యి. కడ్డీని బిగించి పట్టుకుని ఉంది.

అమ్మ విసవిసా కిందికి దిగి మేనేజరు గదిలోకి వెళ్ళింది.

"ఇంత పొగరేంటండీ? ఒకసారి కాదు, ఆరుసార్లు! ఇలాంటి మనిషిని పనిలో ఎలా ఉంచుకుంటున్నారు?"

"ఇవాళే పంపించేస్తా మేడమ్. మీరు ప్రశాంతంగా వెళ్ళండి."

అమ్మ ప్రశాంతంగానే వెళ్ళింది.

సాయంత్రం ముగ్గురు పిల్లలూ ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చున్నారు.

"ఆ చెయ్యి ఉండనీండి," అన్నాడు పొడుగబ్బాయి ఉత్సాహంగా. "ఎవరి చెయ్యో తెలీదు కదా, అదే భయం. చూస్తుంటే గుండె ఝల్లుమంటోంది. పెద్దగా చేసి పెడదాం."

"ఇంట్లో కూడా ఆ చెయ్యే చూడాలా నేను!" అని గొణుక్కుంటూనే అమ్మ తెర వైపు తొంగిచూసింది.

కూతురి వీపు తగలగానే కడ్డీల వరస మొత్తం బయటికి ఒరిగింది. అడుగున బోల్టులు లేవు. దాని కాలు సిమెంటులోంచి బెత్తెడు పైకి లేచింది. అవతల మూడంతస్తుల ఖాళీ.

పట్టుకున్న చేతి మీద నరాలు తాళ్ళలా ఉబ్బాయి.

కడ్డీ మెల్లగా లోపలికి వచ్చింది.

"కదిలినట్టే అనిపించింది," అంది కూతురు. "నా కాళ్ళే వణుకుతున్నాయనుకున్నా."

అమ్మ మేనేజరుకి ఫోన్ చేసింది.

"ఆవిడా? మధ్యాహ్నమే పంపించేశా మేడమ్, మీరన్నట్టే. ఎక్కడుంటుందో మాకేం తెలుసు? వచ్చి పదిరోజులే. వచ్చిన దగ్గర్నుంచీ ఆ కడ్డీ ఊడింది, ఊడింది అని ఒకటే నస. పీడా పోయింది."

"ఊడిందని తెలిసే పిల్లల్ని పైకి పంపించావా? మనిషివేనా నువ్వు? ఒక మనిషి అన్నిసార్లు చెప్తుంటే వినపడలేదా నీకు..."

అక్కడ ఆగిపోయింది అమ్మ. ఫోన్ చేతిలోనే ఉంది.

కూతురు చెవుల మీంచి హెడ్‌ఫోన్ తీసింది.

"అమ్మా, ఆరో టేకు మొదట్లో ఏదో గొంతు వినపడుతోంది. నేనప్పుడు కిందున్నా. కట్ చేసెయ్యాలా? ఒకసారి విను."

అమ్మ పెట్టుకుంది.

ముందు సైలెన్స్ అన్న అరుపు. తర్వాత కింద నుంచి పైకొస్తున్న కూతురి అడుగులు. ఆ అడుగుల మధ్యలో, మైకుకి ఆనుకున్నంత దగ్గరగా, తనలో తను అనుకుంటున్నట్టు ఒక గుసగుస:

"నేను పట్టుకునే ఉన్నాలే తల్లీ, నువ్వు రా."