గంగమ్మ గేదె చేసే పని

కొండవాలు తోటలో ప్రతి ఆదివారం పొద్దున్నే జంతువులన్నీ కలిసి పరుగు పెట్టేవి. బుల్లెమ్మ అనే బాతు మాత్రం పొద చాటున నిలబడి చూసేది. దానికీ పరిగెత్తాలని ఆశే గానీ, అందరికంటే చివర వస్తే నవ్వుతారేమోనని మహా బెరుకు.

ఒక ఆదివారం ఎలాగో ధైర్యం చేసి వెళ్ళింది. కుందేళ్ళూ మేకలూ రివ్వున పోయాయి. బుల్లెమ్మ అటూ ఇటూ ఊగుతూ ఎత్తు ఎక్కుతుంటే, వెనకాల గంగమ్మ గేదె నింపాదిగా వస్తూ కనిపించింది.

"హమ్మయ్య, నేను చివర కాదు" అనుకుని కులాసాగా నడిచింది.

తీరా కొండ దిగి, ఆఖరి గీత కనబడేసరికి మనసొప్పలేదు. పాపం, అంత పెద్ద గేదె చివర వస్తే అందరూ నవ్వరూ? బాతు ఆగిపోయింది.

"అక్కా, నువ్వు ముందు వెళ్ళు. చివర నేనొస్తాలే" అంది.

గేదె ఫక్కున నవ్వింది. "ఓసి పిచ్చిదానా! చివర రావడమే ఇవాళ నా పని. వెనకపడ్డవాళ్ళు ఒంటరిగా మిగిలిపోకూడదని వారానికొకరం ఇలా నడుస్తాం. నా పని లాక్కుంటావేమే? పద పద!"

బుల్లెమ్మ సిగ్గుపడుతూ గీత దాటింది. ఎవరూ నవ్వలేదు. మేకలు ఎదురొచ్చి మంచినీళ్ళిచ్చాయి.

"వచ్చే ఆదివారం చివర ఎవరు నడుస్తారర్రా?" అని గేదె అడిగింది.

నలుగురిలో ఎన్నడూ నోరు విప్పని బుల్లెమ్మ మెల్లగా రెక్క ఎత్తింది.

"నేను నడుస్తానక్కా. బయల్దేరే ముందు ఆ పొద వెనక కూడా ఒకసారి చూసొస్తాను."