పద్మలత తీసిన లెక్క

"ఐదు కొట్టేసి పద్నాలుగు రాయమ్మా, గొడవ వదిలిపోతుంది" అంటూ గైడు యజ్ఞనారాయణ సారు థీసిస్‌ను బల్ల మీద పద్మలత వైపు తోశారు.

ప్రోటాన్లను ఎదురెదురుగా ఉరికించి గుద్దిస్తే, పదివేల కోట్ల గుద్దులకు ఎన్ని బరువైన క్వార్కులనే కణాల జతలు పుడతాయో ముందే చెప్పాలి. అదీ ఆమె పని. ఎటునుంచి నరుక్కొచ్చినా ఐదే వచ్చింది. విదేశంలో నిజంగా గుద్దించి చూస్తున్నవాళ్లకు మాత్రం పద్నాలుగు వస్తోందని సారు మొన్న ఏదో సభలో విని వచ్చారు.

"మూడుసార్లు మళ్ల చేసిన సార్. తప్పు లేదు."

"నీది కాగితం మీద లెక్క. వాళ్లది కంటితో చూసింది. నీ థీసిస్ దిద్దేది కూడా వాళ్లలో ఒకాయనే. లెక్కలో మనమే ఊహించి పెట్టుకునే సంఖ్యలు నాలుగున్నాయి కదా, వాటిని కాస్త అటూ ఇటూ జరుపు."

"జరపకుంటే?"

"నేను సంతకం పెట్టను. ఇంకో రెండేళ్లు కూర్చో."

కొంపల్లిలో బస్సెక్కి మేడ్చల్‌లో దిగేదాకా ఆమెకు ఊరు కనబడలేదు. ఇంట్లో దుర్గాబాయి అవ్వ చేటలో బియ్యం చెరుగుతోంది.

"ఏందే, మొకం గట్ల ఏలాడేసుకొచ్చినవ్?"

పద్మలత చెప్పింది. అవ్వకు క్వార్కులు ఎక్కలేదు గానీ పుట్టుక ఎక్కింది.

"మంత్రసాని కండ్లార సూసి చెప్పినంక, కడుపు మీద చెయ్యేసి చెప్పినామె మాట ఎవలింటరు బిడ్డా? రాసి పారెయ్యి."

"మంత్రసానే తప్పు చెప్తే అవ్వా?"

"గదెందుకు తప్పు చెప్తదే! కండ్లు పోయినయా?"

పద్మలత ఆ నాలుగు సంఖ్యలనూ జరిపింది. ఐదు ఏడైంది, పదైంది, పద్నాలుగు దగ్గర ఆగింది. సంతకం పడింది, థీసిస్ విమానమెక్కింది. ఆనాటి నుంచి ఆమె తిన్న ముద్దకు రుచి లేదు. అద్దంలో తన మొహం తానే చూసుకోలేకపోయేది. ఎప్పటికైనా ఆ పద్నాలుగే నిజమని తేలితే చాలు, తన అబద్ధం కూడా నిజమైపోతుందని అదొక్కటే ఆశ.

ఐదు నెలలకు సారే స్కూటరు మీద మేడ్చల్ వచ్చారు, చేతిలో ఉత్తరంతో.

"ఆమోదించారమ్మా! ఇక నువ్వు డాక్టరు పద్మలతవి!"

అవ్వ పరుగున వచ్చి మనవరాలి నోట్లో చక్కెర పోసింది. "సూస్తివా? అవ్వ మాట ఇన్నవ్, గట్టెక్కినవ్!"

పద్మలత ఉత్తరం విప్పింది. పొగడ్తలన్నీ అయ్యాక, అడుగున థీసిస్ దిద్దిన ఆ విదేశీ పెద్దాయన చేత్తో రాసిన రెండు ముక్కలున్నాయి.

"మా పరికరం పొరబడిందేమో, అసలు సంఖ్య ఐదేనేమోనన్న అనుమానంతో ఏడాదిగా పద్నాలుగును అచ్చుకు ఇవ్వకుండా ఆపుకున్నాం; మీ లెక్కలోనూ పద్నాలుగే వచ్చిందని చూశాక, ధైర్యం చేసి నిన్ననే ఇచ్చేశాం."