పచ్చమట్టల పందిరి

"పచ్చ మట్టలు కోయకండి బాబూ."

నిచ్చెన మీదున్న ఫణి కిందికి చూశాడు.

ఎర్ర మంకీ క్యాప్ పెట్టుకున్న పెద్దాయన. రోజూ పొద్దున్నే వాకింగ్‌కి వచ్చి, ఈ ఇంటి ముందు ఓ నిమిషం ఆగి, చెట్టు వంక చూసి పోతుంటాడు. తెలుగాయనేనని తెలుసు గానీ, పేరేమిటని ఫణి ఎప్పుడూ అడగలేదు.

ఇర్వింగ్‌లో ఫణి, భవిత ఇల్లు కొనుక్కుని నెల కూడా కాలేదు. మర్నాడే గృహప్రవేశం. మామిడాకులు ఇండియన్ స్టోర్‌లో దొరికాయి. గుమ్మం ముందు పందిరికి కొబ్బరి మట్టలే ఎక్కడా దొరకలేదు. అంతలో భవిత చూపు ఇంటి ముందున్న పామ్ చెట్టు మీద పడింది. కొబ్బరిచెట్టు కాదు గానీ ఆకు అచ్చం అలాంటిదే.

ఇంకేముంది, ఫణి రంపం కొనుక్కొచ్చాడు. టెక్సాస్ వచ్చినా సరే, పచ్చటి పందిరి లేనిదే మనవాళ్లకి ఇల్లు ఇల్లు కాదు మరి.

పెద్దాయన కదల్లేదు. ఒక్కో మట్ట రెండు మూడేళ్లు బతుకుతుందన్నాడు. పూర్తిగా ఎండి, వేలాడిపోయినవే తియ్యాలన్నాడు. పసుపు తిరిగినవాటిని కూడా ముట్టుకోకూడదట, వాటిలో మిగిలిన సత్తువని చెట్టు వెనక్కి లాక్కుంటుందట. ఏం కోసినా చలి పోయాకే కోయాలట.

కింద మట్టలు అందుకుంటున్న స్నేహితులు ముసిముసిగా నవ్వుకున్నారు. "ఫ్రీ కన్సల్టేషన్ రా ఫణీ," అన్నాడు అఖిల్.

పదిమంది నవ్వేసరికి ఫణికి ఊపొచ్చింది.

"అంకుల్, ఇది మీ చెట్టా?"

పెద్దాయన చెట్టు వంక చూశాడు.

"కాదు బాబూ. మీదే."

"మరింకేం? మీ వాకింగ్ మీరు చేసుకోండి."

ఈసారి అందరూ గట్టిగానే నవ్వారు. పెద్దాయన రెండడుగులు వేసి, మళ్లీ వెనక్కి తిరిగాడు.

"నడిమధ్య నిలబడ్డ ఆ నాలుగైనా ఉంచండి. చలిలో మొవ్వుని కాసేవి అవే. మొవ్వు పోతే చెట్టు పోయినట్టే."

ఫణి ఆయన చూస్తుండగానే ఆ నాలుగూ కోసి పడేశాడు. పందిరికి అవి అక్కర్లేదు, అప్పటికే కావలసినన్ని ఉన్నాయి. కోసేటప్పుడు ఆ సంగతి ఫణికీ తెలుసు.

పెద్దాయన తల వంచుకుని వెళ్లిపోయాడు.

గృహప్రవేశానికి వచ్చినవాళ్లంతా పందిరి అదిరిందన్నారు. దాని కింద నిలబడి ఫొటోలు దిగారు.

సోమవారం పొద్దున ఫణి కాఫీ కప్పుతో కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఎర్ర క్యాప్ రాలేదు. మంగళవారమూ రాలేదు. పీడా పోయిందనుకున్నాడు గానీ, ఆ కాఫీ ఎందుకో సయించలేదు. తండ్రి వయసు మనిషి. నలుగురి ముందు అలా అనాల్సింది కాదు. కనిపిస్తే సారీ చెబుదామనుకున్నాడు.

ఆయన మళ్లీ కనిపిస్తే కదా.

జనవరిలో మూడు రోజులు ఐస్ పడింది. మార్చికల్లా వీధిలో మిగతా పామ్ చెట్లు తేరుకున్నాయి. ఫణి వాళ్లది మాత్రం బోడి స్తంభంలా నిలబడిపోయింది.

ఏప్రిల్‌లో ఒక రోజు మళ్లీ నిచ్చెన వేసుకుని ఎక్కి, మొవ్వు పట్టుకుని మెల్లగా లాగాడు. అది ఊడి చేతిలోకి వచ్చేసింది. మొదలంతా కుళ్లి, కంపు కొడుతోంది.

ఫణి అలాగే నిచ్చెన మీద కూర్చుండిపోయాడు. ఆ పెద్దాయన వీధిలో లేనందుకు ఆ రోజు, ఛీ, సంతోషించాడు కూడా.

చెట్టు తీయించడానికి మనిషి కావాలని, ఇల్లు కొనిపెట్టిన ఏజెంట్ సుధకి ఫోన్ చేశాడు.

"ఆ చెట్టు పోయిందా? అయ్యో, తిరుపతయ్య గారికి ఎలా చెప్పేది ఫణి గారూ?"

తిరుపతయ్య అంటే ఇల్లు అమ్మినాయన. ఆయనకీ సుధే ఏజెంట్. ఆ పేరు ఫణి కాగితాల మీద చూడటమే గానీ మనిషిని చూడలేదు. ఇక్కడంతే. అమ్మేవాళ్లు ఒక రోజు, కొనేవాళ్లు ఒక రోజు వచ్చి సంతకాలు పెట్టి పోతారు.

పద్దెనిమిదేళ్ల కిందట ఆయన భార్యతో కలిసి నాటారట ఆ చెట్టుని. ఆమె పోయాక ఒక్కరే ఆ ఇంట్లో ఉండలేక అమ్మేశారట. అంతకుముందోసారి పెద్ద మంచు పడి కరెంటు పోయినప్పుడు, కప్పుకునే బొంతలన్నీ తెచ్చి చెట్టుకి చుట్టి, తను కోటు వేసుకుని పడుకున్నారట.

"పదకొండు ఆఫర్లొచ్చాయండీ ఆ ఇంటికి. మీకన్నా ఎక్కువిస్తామన్నవాళ్లు చాలామందే ఉన్నారు. మీ లెటర్ చూసి మీకిచ్చారు."

"ఏ లెటర్?"

ఇల్లు చూసొచ్చిన రోజు, ఓనర్ మనసుకి తగిలేలా నాలుగు ముక్కలు రాయండని సుధే చెప్పింది. ఫణి పది నిమిషాల్లో టైప్ చేసి పంపించి, మర్చిపోయాడు. సుధ దాన్ని ఇప్పుడు ఫార్వర్డ్ చేసింది.

'మీ ఇంటి ముందున్న చెట్టు మాకెంతో నచ్చింది. దాన్ని సొంత బిడ్డలా చూసుకుంటాం.'

ఫణి ఎవరూ చూడకపోయినా తల దించుకున్నాడు. భవితకి చూపించే ధైర్యం లేక ఫోన్ రెండుసార్లు తిరగేసి పెట్టాడు. ఆ మనిషికి తనే చెప్పుకోవాలి, ఆయన ఎన్ని తిడితే అన్ని పడాలి అనుకున్నాడు. సుధని నంబర్ అడిగి తీసుకుని, సేవ్ చేసుకుని, వాట్సాప్ తెరిచాడు.

డీపీలో, మంచులో నిలబడి, బొంతలు చుట్టిన చెట్టుని రెండు చేతులా పట్టుకుని నవ్వుతున్నాడు ఎర్ర మంకీ క్యాప్ పెద్దాయన.