ఎడమ చెయ్యి

"సమాధి దొరికిందా, నీకోటి తవ్వించమంటావా?" ఫోన్లో మంత్రి గొంతు.

శ్మశానం మధ్యలో నిలబడి అధికారి నుదురు తుడుచుకున్నాడు. ఆఫీసులో అతని ముద్దుపేరు 'ఎల్లుండి'. ఏ పని అడిగినా ఎల్లుండికి అయిపోతుందంటాడు. ఈసారి గడువే ఎల్లుండి.

స్వాతంత్ర్యం తెచ్చి, పాతికేళ్లు దేశాన్ని ఏలిన మహానాయకుడి తల్లి సమాధి ఎక్కడుందో ఎవరికీ తెలియదు. కొడుకు అజ్ఞాతంలో ఉండగా ఆమె దిక్కులేకుండా పోయింది. ఈ శ్మశానంలోనే ఎక్కడో పాతిపెట్టారు. ఇప్పుడామె అస్థికల్ని రాజధానిలో కొడుకు సమాధి పక్కన చేర్చాలి. దొరక్కపోతే అధికారి ఉద్యోగం ఊడుతుంది.

కాపలా ముసలమ్మ పారకి ఆనుకుని నిలబడింది. పెళ్లి కూడా మానుకుని నలభై ఏళ్లుగా ఇక్కడే పడి ఉంది. ఆమె గొడవ వేరు. వెనక గోడవార నంబర్లు లేని వరుసని రోడ్డు కోసం చదును చేయబోతున్నారు. ఆపించమని పొద్దుట్నుంచీ బతిమాలుతోంది.

"నంబర్లే లేనివాళ్ల కోసం ఎవరొస్తారమ్మా? ముందు పెద్దావిడ సంగతి చెప్పు."

"నాకేం తెలుసు బాబూ."

పాత రిజిస్టరు పట్టుకుని మూడుచోట్ల తవ్వించాడు. మూడూ మగవాళ్లవే. వెంట వచ్చిన డాక్టరు పెదవి విరిచాడు.

అధికారి రిజిస్టరు మూసేశాడు. ఉన్న ఆనవాలు ఒక్కటేనని ముసలమ్మ దగ్గరే వాపోయాడు. నాయకుడు తన ఆత్మకథలో రాసుకున్నాడట. నీళ్లు మోసుకొస్తూ జారిపడి తల్లికి ఎడమ చెయ్యి మణికట్టు పైన విరిగింది. వంకరగా అతుక్కుంది.

ముసలమ్మ పార కింద పెట్టింది.

"దొరికితే ఎలా తీసుకెళ్తారు?"

"బ్యాండుతో, సైనిక వందనంతో. అధ్యక్షుడే వస్తాడు."

"తల వంచుతాడా?"

"టోపీ తీసి మరీ."

ముసలమ్మ ఇనప చువ్వ తీసుకుని గోడవారకి నడిచింది. నంబర్లు లేని వరుసలో నాలుగోచోట గుచ్చింది. ఒకసారి తవ్విన నేల మళ్లీ గట్టిపడదు. చువ్వ మెత్తగా దిగింది.

"ఇంతసేపూ నోట్లో బెల్లం పెట్టుకున్నావా?" అధికారి మండిపడ్డాడు.

"నమ్మకం కుదరాలి కదా బాబూ."

డాక్టరు ఎముకల్ని వేళ్లతో తడిమాడు. ఆడమనిషి. వయసు నలభై దాటింది. ఎడమ చెయ్యి మణికట్టు పైన విరిగి, వంకరగా అతుక్కుంది.

అధికారి డాక్టర్ని వాటేసుకున్నాడు. అప్పటికప్పుడు ఆ వరుసంతా పవిత్రస్థలమైపోయింది. రోడ్డు పక్కకి జరిగింది.

అన్నట్టే, ఎల్లుండికి పనైపోయింది.

రాజధానిలో మహానాయకుడి సమాధి పక్కన, ఆయన విగ్రహం పాదాల దగ్గర పెట్టె దించారు. అధ్యక్షుడు టోపీ తీసి తల వంచాడు. వెనక మంత్రులంతా వంచారు. తలెత్తాక మంత్రి అధికారి భుజం తట్టి, ప్రమోషన్ ఖాయమన్నాడు.

పక్కన, అతని వెంట వచ్చిన ముసలమ్మ కళ్లు తుడుచుకుంటోంది. అధికారి మనసు కరిగింది.

"ఎన్ని నీళ్లు మోసిన చెయ్యో కదమ్మా."

ఆమె విగ్రహం మొహంలోకి చూస్తూ, అతనికి మాత్రమే వినబడేలా అంది:

"నీళ్లు మోస్తూ కాదు బాబూ, ఈయన ఏలుబడిలో జైల్లో విరగ్గొట్టారు మా అమ్మ చెయ్యి."