బొమ్మకు పుట్టుమచ్చ

పెళ్లాం సంచిలో రెండు పంచెలు, ఒక తువ్వాలు, వేయించిన చెనిగ్గింజల పొట్లం పెట్టింది. మూతి బిగించి మొగుడి చేతికిచ్చింది.

"పదిలంగా పోయిరా. టీవీ పగలకుండా ఒళ్లో పెట్టుకోని రా."

"ఆపు మే," అంది సిద్ధమ్మ.

ప్రశాంతి కంప్యూటర్‌లో కదులుతున్న బొమ్మను ఆపింది. ఆమె భర్త సునీల్‌కుమార్ మైకు పక్కకు జరిపాడు.

"మళ్లీ ఏమైంది అవ్వా?"

"సంచి అది కాదు. ఎర్రగీతలది గీయి."

సునీల్, ప్రశాంతి శ్రీకాళహస్తి నుంచి తిరుపతి వచ్చి సిద్ధమ్మ ఇంటి మేడ మీద గది అద్దెకు తీసుకున్నారు. ఫోన్లలో చూసే కార్టూన్ కామెడీలు చేస్తారు. అన్నీ పాతకాలపు టీవీ మీద వెక్కిరింతలే. మిద్దెక్కి యాంటెన్నా తిప్పడం, సరిగ్గా సీరియల్ మధ్యలో 'అంతరాయానికి చింతిస్తున్నాము' అని అక్షరాలు రావడం. జనం పడీపడీ నవ్వుతున్నారు. అందులో గయ్యాళి పెళ్లాం గొంతు సిద్ధమ్మది. పొట్లాల కాగితాల మీద అక్షరాలు నేర్చుకున్న మనిషి, రాసిచ్చింది తడబడకుండా చదువుతుంది.

ఈసారి ఆఖరి మాట చదవనని మొరాయించింది.

కథ చిన్నదే. టీవీ కొనడానికి మద్రాసు పోయిన చిన్నబ్బ తప్పిపోతాడు. వార్తలయ్యాక 'కనబడుటలేదు' అని ప్రకటన వస్తుంది. పక్కింట్లో కూర్చుని అది చూసిన పెళ్లాం అడుగుతుంది: "మనిషి సంగతి సరే, టీవీ దొరికిందా?"

"ఆ మాట నేననను," అంది సిద్ధమ్మ.

"అదే కదవ్వా పంచ్! అది లేకుంటే ఇంకేముండాది?" సునీల్ తల పట్టుకున్నాడు. "సాయంత్రానికి పెట్టేస్తామని అందరికీ చెప్పేసినాం."

సిద్ధమ్మ కుర్చీ తెర వైపు జరుపుకుంది.

"అంటా. కానీ బొమ్మ నేను సెప్పినట్టు మార్చల్ల."

"మార్చు ప్రశాంతీ, మార్చు."

"సొక్కా నీలం గళ్లది."

"ప్రకటన బ్లాక్ అండ్ వైట్‌లో కదవ్వా వచ్చేది? నీలమైతే ఏమి, పచ్చయితే ఏమి?"

"సదివేటప్పుడు సెప్పల్ల కదా. ఎడమ సెవి కింద పుట్టుమచ్చ. నడిస్తే కుడికాలు కొంచెం ఈడుస్తాడు."

ప్రశాంతి నవ్వింది. "కార్టూన్‌కు ఇన్ని గుర్తులా? పెండ్లిచూపులా ఏందవ్వా? ముక్కు కూడా పెద్దది చేసేదా, నవ్వొస్తాది?"

"వద్దు. అంత లేదు."

"సరే."

"పేరు మునెయ్య అని పెట్టు."

"చిన్నబ్బ కంటే అదే బాగుండాది," అన్నాడు సునీల్.

"ఇంకొక బొమ్మ గూడా గీయి మే. అదే మనిషి. జుట్టు తెల్లగా, బుగ్గలు లోపలికి పోయి."

"ముసలోడా? ఎందుకు?"

సిద్ధమ్మ తెర మీది నుంచి చూపు తిప్పుకుంది. "ఇన్నేండ్లకు టీవీ తెస్తే అట్లనే కదా ఉంటాడు."

సునీల్ కుర్చీలోంచి ఎగిరి లేచాడు. "అవ్వా! నా కంటే నీకే ఎక్కువ తెలివి. ఆఖర్న ముసలోడు టీవీ నెత్తిన పెట్టుకోని వాకిట్లో నిలబడతాడు. జనం కింద పడి దొర్లుతారు!"

ప్రశాంతి గీసింది. సిద్ధమ్మ కళ్లజోడు సర్దుకుని తెర దగ్గరికి వంగింది.

"మచ్చ ఇంకొంచెం కిందికి."

ప్రశాంతి జరిపింది.

"ఆఁ. ఆడనే."

సునీల్ గొంతు సవరించుకుని వార్తలు చదివేవాళ్లలా బిగుసుకున్నాడు. ప్రకటన చదివాడు. నీలం గళ్ల చొక్కా, పుట్టుమచ్చ, ఎర్రగీతల సంచి. ఆచూకీ తెలిసినవారు తెలియజేయగలరు. ప్రశాంతి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంది.

సిద్ధమ్మ వంతు వచ్చింది. కళ్లు మూసుకుంది.

"మనిషి సంగతి సరే, టీవీ దొరికిందా?"

ఒక్కసారికే కుదిరింది. ఇద్దరూ కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వారు.

"ఇది మద్రాసులో గూడా సూస్తారా?" అడిగింది సిద్ధమ్మ.

"మనోళ్లు యాడుంటే ఆడ చూస్తారు. ఏం, నీకు ఆడ గూడా ఫ్యాన్సు కావాల్నా?"

సిద్ధమ్మ లేచింది. గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగిపోయింది.

సిద్ధమ్మ భర్త మునెయ్య ఎర్రగీతల సంచితో, టీవీ కొనుక్కొస్తానని, 1989లో ఉగాదికి ముందు శుక్రవారం, అప్పుడు వాళ్లుండే నగరి ఊళ్లో మద్రాసు బస్సెక్కాడు, తిరిగి రాలేదు.